చెరువుగట్టు మీద బెల్లం

అడవిలో జంతువులన్నీ గుమ్మడికాయల్లా బలిసిపోయాయి. ఎలుగుబంటి రాజుగారు దండోరా వేయించారు: "ఇవాళ్టి నుంచి అందరూ ఆకుకూరలే తినాలి!"

అందరూ చప్పట్లు కొట్టి, దాహమేసి చెరువుకు పోయారు. గట్టు మీదే నక్క బెల్లం కొట్టు. ఆకుకూరలేమో కొండ మీద! ఇంకేముంది, అందరి మూతులకీ బెల్లమే.

"సిగ్గులేని జనం!" మండిపడ్డారు రాజుగారు, తన మూతి తుడుచుకుంటూ.

"జనాన్ని తిట్టకండి మారాజా! కొట్టు కొండ మీదికి పంపి, ఆకుకూరల మడి గట్టు మీద వేయించండి," అంది కుందేలు.

నక్క గొణుక్కుంటూ మూటాముల్లె సర్దుకుంది. నెల తిరిగేసరికి జంతువులన్నీ ఒకటే గంతులు! బెల్లం కోసం రోజూ కొండెక్కి దిగిన రాజుగారు కూడా సన్నబడ్డారు.

"చూశావా కుందేలూ, నా దండోరా మహిమ!" అన్నారు, మూతి తుడుచుకుంటూ.