చేదు చూసే ముక్క

ఊళ్లో కూరగాయల కొట్లు మూతపడి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ ఓ తోటబీరువా, ఎవరి కూర వాళ్లే పండించుకోవాలి. శ్యామలాంబ ఇంట్లో ఆ పని భర్త శోభనాద్రి చూసుకునేవాడు. రెండు నెలల కిందట ఆయన పోయాక ఆమె నేర్చుకోక తప్పలేదు. "మగపువ్వు కోసి ఆడపువ్వు మీద మెల్లగా అద్దండి" అని బీరువా చెబితే అద్దింది. నీళ్లు పొయ్యమంటే పోసింది. ఏడుపూ రాలేదు, ఆకలీ వెయ్యలేదు.

ఇవాళ ఆమె పెంచిన మొదటి బీరకాయ కోతకొచ్చింది. కత్తిపీట ముందు కూర్చుని చెక్కు తీసింది. తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి, అలవాటుగా చెయ్యి కుడిపక్కకి చాపింది. ఎవరూ అందుకోలేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

గుమ్మంలోంచి కూతురు నీరజాక్షి చూసింది.

"చేదు చూడక్కర్లేదమ్మా. బీరువా కాయల్లో ఆ గుణమే తీసేశారు కదా."

"తెలుసే. మీ నాన్నకీ తెలుసు. అయినా పన్నెండేళ్లూ ప్రతి కాయా కొరికి చూసి, 'చేదు లేదు, వండెయ్' అనేవారు."

ముక్కని పళ్లెం అంచున పెట్టి, మిగతా కాయంతా తరిగేసింది. పొయ్యి మాత్రం వెలిగించకుండా అలాగే కూర్చుంది.