గళ్ళ పెళ్ళి

"ఇదేటి బాబూ, మా అమ్మాయి పెళ్ళిలో నా మొకం ఎక్కడుంది?"

గంగాలమ్మ ఖాళీ చేపల గంపని చినవాల్తేరు వీడియో షాపు కౌంటరు మీద దబ్బున పెట్టింది. వెనకే ఆమె మొగుడు దాలయ్య నడుం పట్టుకుని మూలుగుతూ వచ్చి, ఉన్న ఒక్క స్టూలూ ఎక్కి కూర్చున్నాడు. కూతురి పెళ్ళిపనులు చేసి చేసి నడుం పడిపోయిందట. ఆ పెళ్ళయిన దగ్గర్నుంచీ చేపల వేటకి పోలేదు, ఇవాళ సీడీ కోసం తప్ప మంచం దిగలేదు.

షాపు యజమాని త్రినాథరావు సీడీ పెట్టాడు. టీవీలో పందిట్లోకి ఆకుపచ్చ చీర ఒకటి వచ్చింది. మొహం ఉండాల్సిన చోట గళ్ళు. వడ్డనలో అదే చీర, అవే గళ్ళు. అప్పగింతల్లో సామాన్లు మోస్తూ పరుగెడుతున్నదీ ఆ గళ్ళే.

"మా అత్త ఏటంతందో తెలుసా? నా కొడుకు నడుం ఇరగ్గొట్టుకుంటే కోడలు ఏ మూల కూకుందో, సీడీలో జాడే లేదంతంది. పేటలో తలెత్తుకోలేకపోతన్నాను. మళ్ళీ తియ్యి."

"తప్పు నాది కాదక్కా. మూడు గంటల పెళ్ళి ఒక్క సీడీలోనే కుక్కమన్నాడు మీ ఆయన."

"మద్దిలో లేసి సీడీ మార్సడం కష్టం కదేటి," అన్నాడు దాలయ్య స్టూలు దిగకుండానే.

త్రినాథరావు ఓపిగ్గా చెప్పాడు. "కుక్కాలంటే బొమ్మని కుదించాలక్కా. కదలకుండా ఉన్నదాన్ని కంప్యూటరు ఒక్కసారి గుర్తెట్టుకుంటే సాలు, అదే సూపిత్తాది. కదిలేదాన్ని మాటిమాటికీ కొత్తగా గియ్యాల. సీడీలో సోటు సాలక గళ్ళు పెట్టి వొదిలేత్తాది. నువ్వు పెళ్ళిలో కాసేపైనా కుదురుగా నిలబడ్డావా?"

గంగాలమ్మ ఆలోచించింది. నిలబడలేదు. ఆ రోజు మంచినీళ్ళు తాగిన గుర్తు కూడా లేదు. పాపం, కళ్ళనీళ్ళు తిరిగాయి.

"బాదపడకు. మూడు సీడీల్లో పరిసి నీ మొకం తెప్పించేత్తాను."

"ముందు ఇదే ఇంకోపాలి తిప్పు."

తిప్పాడు. గుండిగలు దించేవాళ్ళు గళ్ళు. బాజాలవాళ్ళు గళ్ళు. ఆ గళ్ళన్నిటి మధ్యా ఎర్ర కుర్చీలో దాలయ్య. రాట వేసినప్పుడూ అదే కుర్చీ, తాళి కట్టేటప్పుడూ అదే కుర్చీ. మీసంలో నెరిసిన వెంట్రుకలు కూడా తెలుస్తున్నాయి.

"సూసావా, నా గడియారంలో ముల్లు కూడా కనబడతంది," మురిసిపోయాడు దాలయ్య.

గంగాలమ్మ టీవీలో మొగుణ్ణి చూసింది. స్టూలు మీద మొగుణ్ణి చూసింది. పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"కొత్తది వొద్దు బాబూ. అచ్చం ఇలాటివే ముగ్గురాడపడుసులకీ తలొకటి కొట్టు. గళ్ళెందుకొచ్చాయో నువ్వే వొచ్చి మా అత్తకి సెప్పాల."

"అన్నెందుకే?" దాలయ్య నవ్వు ఆగిపోయింది.

గంగాలమ్మ కౌంటరు మీది గంప తీసి అతని నెత్తిన పెట్టింది.

"ఎవుల నడుం పడిపోవాలో పేటంతా సూత్తాది. లే."