తిన్నని గీత

"ఇవాళ మనలో ఎవరూ ఇసోబే కాకూడదు!"

ఫ్యూజన్ కేంద్రంలో పొద్దుటి సమావేశాన్ని కురమోచి ఎప్పుడూ ఈ మాటతోనే ముగిస్తాడు. అందరూ నవ్వుతారు.

ఇసోబే అంటే, ముప్పయ్యేళ్ళ కిందట ఇంకో కేంద్రంలో రక్షణ అలారం పెట్టడం మరిచి అయస్కాంతపు కాయిల్‌ను బుగ్గి చేసినవాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆ పేరు తిట్టుతో సమానం.

వెనక కుర్చీలో ఉన్న ఓ ముసలాయన మాత్రం నవ్వలేదు. డైరెక్టర్ పంపిన అతిథట. తెచ్చిన ఎండు చిలగడదుంపలు అందరికీ పంచి గమ్మున కూర్చున్నాడు.

పోయిన వారమంతా కొత్త పవర్ సప్లైని ఉత్తుత్తి కాయిల్ మీద పరీక్షించారు. ఇవాళ అసలు కాయిల్‌కు కరెంటు. దాన్ని చుట్టడానికే ఆరేళ్ళు పట్టింది. గడ్డకట్టే చలిలో ఉన్నంతసేపే దాని మంచితనం. ఒక్కచోట వేడెక్కినా కరిగిపోతుంది. రెండోది లేదు.

కరెంటు పెరుగుతోంది. తెరమీద కాయిల్ స్థితి చూపే గీత కదలకుండా సాగుతోంది.

"చూశావా చినామీ, మన కాయిల్ ఎంత బుద్ధిమంతురాలో!" అన్నాడు కురమోచి, మీటల దగ్గరున్న అమ్మాయితో.

ముసలాయన చటుక్కున లేచి, తలుపు పక్కనున్న ఎర్ర బటన్ నొక్కేశాడు.

ఫట్‌మని కరెంటు ఆగిపోయింది.

"మతి పోయిందా పెద్దాయనా? మళ్ళీ మొదలెట్టాలంటే వారం!" కురమోచి అరిచాడు.

"గీత మరీ తిన్నగా ఉందండీ."

"కాయిల్ ఎప్పుడైనా చూసిన మొహమేనా?"

"ఒకటి చూశాను."

"చాల్లే, ఇక దయచేయండి."

ముసలాయన నడుం వంచి నమస్కరించి వెళ్ళిపోయాడు.

చినామి మీటలు సరిచూస్తూ బిగుసుకుపోయింది.

"సార్... అలారం ఆపేసే ఉంది. దాంతో పాటే తెరకు కాయిల్ నుంచి వచ్చే కొలతలూ ఆగిపోయాయి. అందుకే గీత అంత తిన్నగా ఉంది."

ఉత్తుత్తి కాయిల్‌తో ఊరికే మోగి చంపుతోందని దాన్ని ఆపింది కురమోచే. మళ్ళీ పెట్టడం మరిచాడు.

"కాయిల్ ఎలా ఉంది?"

"ఇప్పుడు అలారం పెట్టి చూశాను, ఒక మూల వేడెక్కడం మొదలైంది సార్. ఆయన నొక్కబట్టి దక్కింది."

కురమోచికి సిగ్గుతో తల తీసేసినట్టయింది. గేటుదాకా పరుగెత్తాడు.

"ఇందాకటి పెద్దాయన ఏరీ?"

"ఇప్పుడే కషిమా వెళ్ళే బస్సెక్కారండీ" అన్నాడు కాపలా అతను.

"పేరేం చెప్పారు?"

"రెండుసార్లు అడిగితే గానీ చెప్పలేదండీ... ఇసోబే అట."