మెరుపు తీసేసిన బంతి

"ఇదేంటండీ, నా బంతికి బూడిద పూశారా?"

పాలిష్ షాపు మెట్ల మీదే నిలబడి అడిగాడు యుగంధర్.

చిలకలపూడి వెళ్లిన వస్తువు మెరిసి రావాలి. రోల్డు గోల్డు గాజైనా, ఇత్తడి చెంబైనా అంతే. బందరులో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. అలాంటిది, చెక్కబాట మీద దొర్లించి పది పిన్నులు పడగొట్టే తన బౌలింగ్ బంతికి ఇంకాస్త మెరుపు పెట్టమని ఇస్తే, ఉన్న మెరుపు కూడా ఊడగొట్టి చేతిలో పెట్టాడు సిరాజుద్దీన్.

ఎల్లుండే బెజవాడలో పోటీ. కొత్తగా పెట్టిన బౌలింగ్ హాల్లో. గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. ఓడితే కృత్తివెన్నులో రొయ్యల చెరువుల కాపలా. నాన్న మాటంటే మాటే.

సిరాజుద్దీన్‌కి అరవై దాటాయి. షాపులో ఓ మూల గోడవైపు తిరిగి పనిచేసుకుంటాడు. ఒక్కడే ఉంటాడు, ఒక్కడే తింటాడు. పేరు పెట్టి పిలిచే దిక్కు కూడా లేదు, అందరికీ సాయిబే.

బంతి ఇచ్చిన రోజు మాత్రం ఆయనే నోరు తెరిచి, అది దొర్లే చెక్కబాట మీద నూనె ఎక్కువ పూస్తారా అని అడిగాడు. చాలా పూస్తారట అన్నాడు యుగంధర్. ఈయనకెందుకీ ఆరా అనుకున్నాడు కూడా.

ఇప్పుడు బంతిని మళ్లీ చేతిలోకి తీసుకుని తువ్వాలుతో తుడుస్తూ నెమ్మదిగా చెప్పాడు సిరాజుద్దీన్.

"మెరుపుంటే నూనె మీద జారిపోద్ది బాబూ. గరుకుంటేనే చివర్లో తిరుగుద్ది."

"గాజులకి మెరుగు పెట్టుకునే మీకు బౌలింగ్ ఏం తెలుసండీ?"

ఆయన బంతిని బల్ల మీద పెట్టేశాడు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

యజమాని భూషణం కంగారుపడి, తనే బంతిని మిషను మీద పెట్టి మళ్లీ మెరిపించాడు. ముఖం చూసుకోవచ్చు. యుగంధర్‌కి ప్రాణం లేచొచ్చింది.

బెజవాడలో ఆ బంతి వెన్న రాసినట్టు జారింది. తిరగాల్సిన చోట తిరగలేదు. ఎన్నిసార్లు విసిరినా తిన్నగా పోయి, పది పిన్నుల్లో ఓ పక్కనున్న రెండు మూడు పడగొట్టి ఊరుకుంది. మిగతావాళ్ల బంతులేమో చివర్లో చక్కగా ఒంపు తిరిగి పదికి పదీ కూల్చేస్తున్నాయి. దగ్గరికెళ్లి చూశాడు.

అన్నీ బూడిద పూసినట్టే ఉన్నాయి.

ఓడిపోయాడు. బస్సులో బంతిని ఒళ్లో పెట్టుకుని వస్తుంటే, ఓటమి కంటే తనన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికి పోకుండా తిన్నగా షాపుకెళ్లాడు.

మూల పీట ఖాళీగా ఉంది.

మీరొచ్చి వెళ్లిన సాయంత్రమే పని మానేశాడని చెప్పాడు భూషణం. ఎక్కడికెళ్లాడో ఆయనకీ తెలియదు. మీకిమ్మన్నాడంటూ సొరుగులోంచి ఓ పొట్లం తీసి ఇచ్చాడు.

విప్పితే నాలుగు ఉప్పుకాగితం ముక్కలు. ఒక్కోదాని వెనకా పెన్సిలు రాత. నూనె ఎక్కువుంటే ఇది. తక్కువుంటే ఇది.

"ఆయనకివన్నీ ఎలా తెలుసండీ?"

"ఆయన వెళ్లేటప్పుడే నేనూ అడిగానండీ. అదే మొదటిసారి అడగడం," అన్నాడు భూషణం తలొంచుకుని.

కువైట్ బౌలింగ్ హాల్లో ఇరవయ్యేళ్లు పెద్ద పెద్ద ఆటగాళ్ల బంతులు సిద్ధం చేసిన ఆ చేతులకి, బందరు తిరిగొచ్చిన ఎనిమిదేళ్లలో దొరికింది ఒక్క యుగంధర్ బంతేనట.