ఉపాసపు ఖిచిడి

"మళ్ల తిన్నవా అవ్వా?"

టెక్నీషియన్ విద్య గొంతు స్కానింగ్ గది దాటి బయటికి వినబడింది. ఆస్పత్రి వాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌనులో బల్ల అంచున కూర్చున్న ఆగమ్మ తల దించుకుంది.

"తిన్న బిడ్డా. ఆకలైంది."

"ఏం తిన్నవ్?"

"సాబుదాణ ఖిచిడి. ఉపాసపు తిండే గదా. పల్లీలు జర ఎక్కువేసుకున్న."

చంద్రపూర్‌లో ఉపాసమంటే కడుపు ఖాళీగా ఉంచడం కాదు, అన్నం ఒక్కటి మానేసి, సగ్గుబియ్యం ఖిచిడితో సహా మిగిలినవన్నీ భక్తిగా తినడం. పెద్దపేగు స్కానింగ్‌కి ఆ భక్తి పనికిరాదు. పేగులో పల్లి పలుకు మిగిలినా తెర మీద గడ్డలా కనబడి కంగారు పెడుతుంది. అందుకే పరీక్ష ముందురోజు విద్య ప్రతి పేషెంటుకూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఏం తిన్నారు, ఏం తాగారు, జులాబు మందు పనిచేసిందా అని అడుగుతుంది. చాలామంది విసుక్కుంటారు. తిన్నవాళ్లు కూడా తినలేదనే అంటారు. ఆగమ్మ మాత్రం మొదటి మోతకే ఫోన్ ఎత్తి, అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, "మరి నువ్వేం తిన్నవ్ బిడ్డా?" అని అడిగేది. తీరా ఇక్కడికి వచ్చాక, తిన్నానని ఒప్పుకునేది. అలా రెండుసార్లు పరీక్ష కాకుండానే వెనక్కి పోయింది; కొత్త తేదీ, ముందురోజు మళ్లీ మూడు ఫోన్లు. ఇది మూడోసారి.

"నిన్న ఫోన్ల తినలేదంటివి గదా!"

"నువ్వు ఫోన్ పెట్టేసినంక తిన్న."

"రక్తం పోతుందవ్వా నీకు. పానం మీద ఆశ లేదా?"

"ఎందుకు లేదు? ఇంకోసారి వస్త తియ్."

"ఇంకోసారి లేదు. డాక్టర్ సాబ్ ఇగ ఆగొద్దన్నడు. ఉన్నదున్నట్టే తీస్త. ఎల్లకిల పండవెట్టి ఒకసారి, బోర్ల పండవెట్టి ఒకసారి. కదిలేది నీ ఖిచిడి, కదలంది గడ్డ." కోపం కాస్త తగ్గి, విద్య నవ్వింది. "అయినా నిజం చెప్పే పేషెంటువు నువ్వొక్కదానివే."



"ఆజీ, సోబత్ కోణ్ ఆహే?" వెంట ఎవరొచ్చారని మరాఠీలో అడిగింది ఆయా వైశాలి.

"నాకు నేనే సోబతి," అంది ఆగమ్మ.

వైశాలి ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది. ఆగమ్మ చిన్న మీటల ఫోన్‌ని బట్ట సంచిలోంచి తీసి, ఇవ్వలేక ఇచ్చింది. "మోగితే ఎత్తు బిడ్డా."

"నీకెవరు చేస్తరవ్వా?" అంది విద్య.

"నువ్వే చేస్తవ్."

"నేనీడనే ఉన్న గదా!"

"అవు గదా," అని ఆగమ్మ నవ్వింది.

వెనకనుంచి సన్నటి గొట్టం పెట్టి గాలి నింపుతుంటే ఆగమ్మ మొహం ముడుచుకుంది. "సైకిల్ ట్యూబు లెక్క కొడుతున్నవ్."

"జరసేపే. మాట్లాడుతుండు, తెల్వదు. బాబుపేట్ల మీ గల్లీల ఎవరెవరుంటరు?"

"అందరుంటరు. మంచోళ్లే. పొద్దున తలుపు తీస్తే 'చహా ఝాలా కా?' అంటరు, చాయ్ అయిందా అని. 'ఝాలా' అంట. ఎవలింట్లకు వాళ్లు పోతం."

"మరి పగలంత?"

"పగలు శానా పెద్దగుంటది బిడ్డా."

విద్య పక్క గదిలోకి వెళ్లి అద్దం వెనక కూర్చుంది. యంత్రంలో రికార్డు చేసిన మగగొంతు ఊపిరి ఆపమని హిందీలో హుకుం జారీ చేస్తుంది. విద్య దాని నోరు మూయించి, మైకులో తనే చెప్పింది. "పీల్చు అవ్వా... ఆపు... ఇగ ఇడువు." తర్వాత బోర్లా తిప్పి మళ్లీ అదే పాఠం.

బొమ్మలు రావడం మొదలైంది. స్కానింగ్ తీసేదీ, తీసినదాన్ని మొదట చూసి అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టేదీ విద్యే. నాగపూర్‌లో ఉండే డాక్టరు తర్వాత తన తెర మీద చూసి రిపోర్టు ఇస్తాడు. గాలికి ఉబ్బిన పేగు మొదటినుంచి చివరిదాకా తోమి బోర్లించిన గిన్నెలా ఉంది. విద్య ఇంకోసారి చూసింది. ఒక మలుపు దగ్గర మాత్రం శనగగింజంత బొడిపె. ఎల్లకిలా తీసినదాంట్లో ఎక్కడుందో, బోర్లా తీసినదాంట్లోనూ అక్కడే ఉంది.

డాక్టరు కూడా చూసి ఫోన్లో అన్నాడు. "చిన్నదే. ఇప్పుడు తీసేస్తే సరిపోతుంది. ఆలస్యం చేస్తే చెప్పలేం."

విద్య లోపలికి వచ్చేసరికి ఆగమ్మ చీర కట్టుకుని కూర్చుంది.

"అవ్వా, నిన్న ఏం తిన్నవ్?"

"చెప్పిన గదా, ఖిచిడి."

"పల్లీలేసి?"

"ఆఁ, శానా ఏసిన."

"నీ పేగుల పల్లి పొట్టు గూడ లేదు. జులాబు మందు తాగి, దినమంత పస్తుండి, తిన్ననని ఎందుకు చెప్పినవ్? మొదటి రెండుసార్లు గూడ గిట్లనేనా?"

ఆగమ్మ వైశాలి చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఓసారి తెర చూసి, సంచిలో వేసి నడుముకు దోపుకుంది.

ఆమెను ఇంకా నిలదీయడానికి విద్యకు మనసొప్పలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "గడ్డ ఉన్నదవ్వా. చిన్నదే, భయపడకు. నాగపూర్ల కెమెరా గొట్టం పెట్టి తీసేస్తరు. దానికి గూడ ముందుదినం గిట్లనే ఏం తినకుండ, మందు తాగి పోవాలె."

ఆగమ్మ తలెత్తింది. ఆ ముఖంలో భయం కోసం వెతికింది విద్య. కనబడలేదు.

"అయితే గా దినం గూడ ఫోన్ చేసి, ఏం తిన్నవవ్వా అని అడుగుతవా బిడ్డా?"