ఇరవై ఏళ్ల షేరు

రేషన్ డిపోలో ఇప్పుడు బియ్యంతోపాటు కంపెనీల షేర్లు కూడా ఇస్తున్నారు. వేలు పెడితే ఎవరికి ఏ షేరు కలిసొస్తుందో, ఎన్నాళ్లు ఉంచుకోవాలో మిషను తెర మీద చూపిస్తుంది.

నా భార్య గున్నమ్మకి రోబోల కంపెనీ వచ్చింది. ఇరవై ఏళ్లు ఉంచుకోమంది. ఆమె బియ్యం తూకం దగ్గరికెళ్లాక నేను వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. కంపెనీ అదే. దసరాలోపు అమ్మేయమంది.

డీలరు లచ్చుమునాయుడు తల దించుకున్నాడు. "మిషను మనిషి ఆయువు కూడా సూసే సెప్తాది, మావా."

"నాదీ గున్నమ్మ పేర్నే రాసీ. ఇరవై ఏళ్లూ ఉండనీ."

గున్నమ్మ వచ్చి అడిగింది. "నీకేటి సెప్పిందయ్యా?"

"నీకు సెప్పిందే."

"ఇంకా ఇరవై ఏళ్లు నీకు గంజి కాయాలా? సచ్చాను పో!" అని పకపకా నవ్వింది.

నేనూ నవ్వి, బియ్యం సంచీ భుజానికెత్తుకున్నాను.