ఇరవై రెండో నంబరు మీద పగ

మొదటి దెబ్బకే రోస్కో నోటినిండా రక్తం.

కొట్టినవాడు హోయ్ట్. హార్లన్ ఫ్లాట్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో లైన్‌బ్యాకర్, అడ్డుకునేవాళ్ళందరికీ పెద్ద. పోయిన ఏడాది ఇదే మైదానంలో రోస్కో జబ్బ ఎముక విరిచింది వాడే. రోస్కోని స్ట్రెచర్ మీద మోసుకుపోయాక బిటర్ వెల్స్ జట్టు చేతులెత్తేసింది. ఈసారి కూడా రోస్కో ఇరవై రెండో నంబరు చొక్కాని మోయిస్తానని హోయ్ట్ పెట్రోలు బంకు దగ్గర పదిమందిలో ఒట్టు పెట్టుకున్నాడు. రెండూళ్ళకీ మధ్య ఉన్నది ఒక్కటే రోడ్డు. ఆ మాట ఇవతలికి రావడానికి పూట పట్టలేదు.

"లేవరా ఇరవై రెండూ! అప్పుడే పడుకుంటే ఎలా?" అన్నాడు హోయ్ట్, రోస్కో వీపు మీద మోకాలు ఆనించి లేస్తూ.

రోస్కో ఉమ్మేసి లేచాడు.

కోచ్ బర్డెట్ ఈ ఏడాది బంతి అందించే క్వార్టర్‌బ్యాక్ వెనక, దాన్ని పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లను ఇద్దర్ని నిలబెట్టాడు. ఒకడు రోస్కో, రెండోవాడు డెల్‌రే. ఒకే ఎత్తు, ఒకే పరుగు. హెల్మెట్ పెడితే కన్నతల్లులే పోల్చుకోలేరు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని వెనక్కి తిరగగానే ఇద్దరూ ఒకేసారి కదులుతారు, బంతి అందేది మాత్రం ఒకడికే. ఎవరి మీద పడాలో అవతలివాళ్ళు రెప్పపాటులో తేల్చుకోవాలి.

హోయ్ట్‌కి తేల్చుకునే పనే లేదు. వాడి కళ్ళు ఇరవై రెండు మీదే.

క్వార్టర్‌బ్యాక్ చేతులు పొట్టకి తగలగానే రోస్కో రెండు చేతులూ అదిమిపెట్టి, తల వంచి గుంపులోకి దూరాడు. హోయ్ట్ హెల్మెట్ వచ్చి పక్కటెముకల మీద దిగింది. లోపల ఏదో పుటుక్కుమంది. ఆ వెనకే ఇంకో ఇద్దరు మీద పడ్డారు. అడుగున ఎవడో వేళ్ళు మెలితిప్పాడు. ఎవడో మోచేత్తో గొంతులో పొడిచాడు. రోస్కో చేతులు మాత్రం విప్పలేదు.

లేచాడు. మళ్ళీ పడ్డాడు. మళ్ళీ లేచాడు.

"ఏమయ్యా కోచ్!" జనం కూర్చున్న బల్లల మీంచి రోస్కో అమ్మమ్మ ఎర్లీన్ కేకేసింది. "ఆ డెల్‌రేగాడి ఒంట్లో ఎముకల్లేవా? ప్రతిసారీ కుమ్మించుకోడానికి నా మనవడే దొరికాడా నీకు?"

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. రోస్కో చొక్కా మట్టీ నెత్తురూ కలిసి అట్ట కట్టింది. డెల్‌రే మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నాడు.

ఇంత కొట్టినా హోయ్ట్‌కి సంతోషం లేదు. రోస్కోని పడేసిన ప్రతిసారీ వాడి కోపం ఇంకాస్త పెరుగుతోంది. లేస్తూనే బూతులు తిట్టి నేలని తన్నేవాడు. తర్వాతి దెబ్బ అంతకంటే గట్టిగా పడేది.

విరామంలో రోస్కో మూలకి పోయి వాంతి చేసుకున్నాడు. అందులోనూ ఎరుపే. డెల్‌రే వచ్చి తడిగుడ్డతో మెడ తుడిచాడు.

"నేను చూడలేకపోతున్నాను కోచ్. మా చోట్లు మార్చెయ్యండి. ఆ దెబ్బలేవో నేను తింటాను."

"నోర్ముయ్యరా," అన్నాడు రోస్కో. "వాడికి కావాల్సింది నేను. నిన్ను చూస్తాడా వాడు?"

కోచ్ రోస్కో ముందు గొంతుక్కూర్చున్నాడు. "వాడు ఒట్టు తప్పే రకం కాదు. నీకు చేతకాకపోతే చెప్పు, సిగ్గుపడకు. కానీ నువ్వు లేవకపోతే మన ఆట అయిపోయినట్టే."

"లేస్తాను సార్."

రెండో సగం ఆట కాదు, కొట్లాట. రోస్కో పన్ను ఒకటి గడ్డిలో రాలింది. రెండు వేళ్ళు వాచి వంకరపోయాయి. వాడూ ఊరుకోలేదు. ఒకసారి తలతో కింద నుంచి ఎగిసి కుమ్మితే హోయ్ట్ ముక్కు చితికింది. ఆ చప్పుడు విని రోస్కో మనసు చల్లబడింది.

చివరికి బిటర్ వెల్స్ వాళ్ళు నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. అవతలివాళ్ళ చివరి గీత నాలుగడుగుల దూరంలో ఉంది. మిగిలింది ఒక్క అవకాశం. బంతి గీత దాటితే ఆరు పాయింట్లు, గెలుపు; లేకపోతే పోయిన ఏడాది కథే.

"రారా, నీ స్ట్రెచర్ సిద్ధంగా ఉంది," అన్నాడు హోయ్ట్, మూతి మీద కారుతున్న నెత్తురు నాక్కుంటూ.

"రెండోది కూడా తెప్పించు. నీకు కావద్దూ?"

నోటితో అన్నాడే గానీ రోస్కోకి భయం వేసింది. ఏడుపూ వచ్చింది. ఊపిరి తీస్తేనే పక్కటెముక కత్తిలా దిగుతోంది. ఇంకో దెబ్బ అక్కడే పడితే లేవలేనని వాడికి తెలుసు.

క్వార్టర్‌బ్యాక్ తిరిగాడు. రోస్కో చేతులు పొట్టకి అదుముకుని గీత మీదకి ఎగిరాడు.

హోయ్ట్ గాల్లోనే అందుకున్నాడు. దెబ్బ సరిగ్గా అక్కడే పడింది. ఇద్దరూ నేలకి కొట్టుకున్నారు. ముగ్గురు పైన పడ్డారు, వాళ్ళ మీద ఇంకెవరో. చీకటి. మట్టి వాసన. ఊపిరి లేదు. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి.

అప్పుడు వినపడింది అరుపు. బల్లలు విరిగిపోయేలా తొక్కుతున్నారు. బ్యాండు మోగుతోంది. అది తమ ఊరి బ్యాండు. గెలిచారు!

పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. రోస్కో మోకాళ్ళ మీదకి వచ్చాడు. మోయడానికి ఇద్దరు పరిగెత్తుకొస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. ఎంతసేపు పట్టిందో గానీ, తన కాళ్ళ మీదే నిలబడ్డాడు.

ఆట అయ్యాక రెండు జట్లూ వరసగా ఎదురెదురు నడిచి చేతులు కలపడం ఆనవాయితీ. ముక్కులో దూది కుక్కుకుని హోయ్ట్ వచ్చాడు. రోస్కో వంకర వేళ్ళ వంక చాలాసేపు చూశాడు. కోపమంతా ఎక్కడికి పోయిందో, జాగ్రత్తగా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బంతేమో ఆటంతా డెల్‌రేగాడి చేతిలో, దెబ్బలేమో నీ ఒంటి మీద, వచ్చే ఏడాదైనా ఒక్కసారి బంతి పట్టుకుని నా మీదకి రారా నాయనా!"